దెబ్బల పుస్తకం

(మూడో అంతస్తులో చిన్న గది. బల్లకి ఒక పక్క తల నెరిసిన లాయరమ్మ, ఎదురుగా అద్దాల కొట్టు మేస్త్రి. మధ్యలో అట్ట ఊడిన రిజిస్టరు, బోర్లించిన ఫోను. మధ్యాహ్నం మూడు దాటింది.)

"...కాదు మేడం, కొట్టడమంటే మరీ కొట్టడం కాదు. చెయ్యి విసురుతుంది. అంతే."

"విసిరిన చెయ్యి ఎక్కడికి పోతుంది నాయనా? గాల్లోకా?"

"ఒక్కోసారి గాల్లోకేనండీ."

"మిగతా సార్లు?"

"మిగతా సార్లు నేను అడ్డం ఉంటాను కదండీ."

"సరే, ముందా మంచినీళ్ళు తాగు. వచ్చి పావుగంటైంది, ఆయాసం తగ్గలేదు నీకు."

"మెట్లు అలవాటు లేదండీ. కొట్టూ నేల మీదే, మా ఇల్లూ నేల మీదే. గడప తప్ప ఎక్కేదేమీ ఉండదు. మీరేమో మూడో అంతస్తులో పెట్టారు. పైగా కింద బోర్డు చూసి తప్పొచ్చాననుకున్నాను. 'ఇంటి కాగితాల సలహా' అని ఉంది."

"కావాలనే రాయించాం. మొదట్లో 'ఇంట్లో దెబ్బలు తినే తండ్రులకి సాయం' అని ఇంతింత అక్షరాలతో పెట్టాం. మూడు నెలలు కూర్చుని ఈగలు తోలుకున్నాను. ఒకాయన మాత్రం సగం మెట్ల దాకా వచ్చి, ఎవరో ఎదురుపడేసరికి 'టైలరు కొట్టు ఇక్కడేనా' అని అడిగి దిగిపోయాడు. బోర్డు మార్చాం. ఇప్పుడు వారానికి ఆరేడుగురు వస్తారు. అందరూ ఇంటి కాగితాల కోసమే."

"బోర్డు చూశాక నేనూ కొట్టుకి ఫోన్ చేసి అదే చెప్పానండీ. ఇంటి కాగితాల పనుందని."

"ఇంట్లో?"

"ఇంట్లో ఏం చెప్పలేదు. మా ఆవిడ బడి నుంచి ఐదింటికి గానీ రాదు. ఈలోగా ఇంటికి వెళ్ళిపోతే సరి. టైమెంతైంది మేడం?"

"మూడుంపావు. ఇప్పటికి నాలుగుసార్లు అడిగావు. టీచరా ఆవిడ?"

"అవునండీ. మా పిట్ట చదివే బళ్ళోనే. పిట్టంటే మా అమ్మాయి, పదేళ్ళు. బళ్ళో పిల్లలు మా ఆవిడంటే ప్రాణం పెడతారు. ఎవర్నీ గట్టిగా ఒక మాట అనదట. మొన్నామధ్య మంచి టీచరని కప్పు కూడా ఇచ్చారు. ఇత్తడిది. ఇంత బరువుంది."

"ఎక్కడ పెట్టారు దాన్ని?"

"బీరువా మీద పెట్టానండీ. వెనక్కి, గోడకి ఆనించి."

"పదిమందికీ కనపడేలా ముందుగదిలో పెట్టుకుంటారు ఎవరైనా."

"చేతికి అందకుండా పెట్టాను మేడం."

"ఊఁ. చేతికి అందకుండా ఇంకా ఏమేం పెట్టావు?"

"ఇస్త్రీపెట్టె. పిండి ఒత్తే కర్ర. గాజు గ్లాసులైతే అసలు ఉంచలేదండీ, అన్నీ స్టీలే. గోడకి అద్దం కూడా లేదు. పిట్టకి జడ నేనే వేస్తాను, అద్దం లేకపోయినా దానికి ఇబ్బంది లేదు."

"పన్నెండేళ్ళుగా ఊరందరికీ అద్దాలు కోసి ఇస్తూ, నీ ఇంట్లో అద్దం లేదా?"

"కొట్టులో దువ్వుకుంటానండీ తల."

"నీ ఫోను కొట్టుకుంటోంది చూడు."

"కొట్టు నుంచే. ఏదో కొలత అడగడానికి. తర్వాత చేస్తాను."

"సరే, ఈ పుస్తకం సంగతి చెప్పు. నిన్న మా వాళ్ళు ఫోన్లో నిన్ను దెబ్బల తేదీలున్న కాగితం ఏదుంటే అది తెమ్మన్నారు. డాక్టరు చీటీ తెస్తావనుకున్నాను."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదండీ. ఇదే ఉంది. మా కొట్టు ప్రమాదాల రిజిస్టరు. మేమంతా దెబ్బల పుస్తకం అంటాం. పనిలో ఎవరికి చిన్న గీత పడ్డా ఇందులో ఎక్కాలి. ఎవరికి, ఏ తేదీ, ఎక్కడ, ఎలా తగిలింది, కట్టు ఎవరు కట్టారు. తనిఖీకి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే ఇది అడుగుతారు. మొదట్నుంచీ నేనే రాస్తున్నాను."

"చదువుతాను ఉండు. 'ఎడమ మోచెయ్యి, గాజు పలక జారి.' 'ఎడమ మోచెయ్యి, పలకల బండి తగిలి.' 'ఎడమ భుజం, నిచ్చెన ఒరిగి.' మిగతా వాళ్ళవి ఒకటీ అరా ఉన్నాయి. అన్నీ వేళ్ళకే. నీవి మాత్రం..."

"ముప్ఫై ఒకటండీ."

"అన్నీ ఇంట్లో తగిలినవేనా?"

"రెండు మాత్రం నిజంగా గాజువే."

"రెండు! కుడిచేతి వాటమేనా నీది?"

"అవునండీ."

"గాజు కోసే కట్టరు జారితే పలక పట్టుకున్న వేళ్ళు తెగాలి గదా. మోచేతికి వెనక పక్కన ఎలా తగుల్తుంది? ఏదీ, ఎవరో నీ మొహం మీదికి ఏదో విసిరారనుకో. ఏం చేస్తావు? చూపించు."

"ఇదిగో, ఇలా..."

"చూశావా. తెలీకుండానే ఎడమ చెయ్యి లేచింది. నలభై ఏళ్ళుగా ఇలాంటి మోచేతులు చూస్తున్నాను నాయనా. ఎక్కువ ఆడవాళ్ళవే. నీలాంటి వాళ్ళవీ అచ్చం అలాగే ఉంటాయి. మోచేతికి మగా ఆడా తెలీదు."

"పోలీసుల దగ్గరికి ఒకసారి వెళ్ళానండీ. అక్కడాయన మా ఆవిడ పొడవెంత అని అడిగాడు. నా భుజం దాకా వస్తుందన్నాను. నవ్వి, టీ ఇప్పించి పంపాడు. మా అన్నయ్యకి చెబితే వాడూ నవ్వాడు. వాడు టీ కూడా ఇవ్వలేదు."

"నేను నవ్వను. టీ కూడా ఇవ్వను, ఈ మెట్లు దిగి తెచ్చే ఓపిక నాకు లేదు. ఒకటి చెప్పు. ఇంటి దెబ్బలు కొట్టు పుస్తకంలో ఎందుకు రాశావు?"

"కట్టుతో వెళ్తే అందరూ అడుగుతారు కదండీ, మేస్త్రీ ఏంటది అని. కొట్టులోనే, మీరు రాకముందు తగిలిందంటే ఇంక అడగరు. తగిలిందని చెప్పాక పుస్తకంలో రాయాలి. రాయకపోతే రూలు తప్పినట్టు."

"అంటే, ఆడిన అబద్ధానికి రూలు ప్రకారం రిజిస్టరు కూడా పెట్టావు."

"తప్పేనండీ."

"తప్పని కాదు. నీ మెడకి చుట్టుకుంటుందని. రేపు అవతలి లాయరు లేచి, 'అయ్యా, ఇది ఈయన రాత, ఇది ఈయన సంతకం, దెబ్బలన్నీ పనిలో తగిలాయని ఈయనే ఒప్పుకున్నాడు' అంటాడు. నేనేమనాలి? అదేంటి, ఇక్కడ... 'కుడి చెవి, ఉడత దూకి.' అద్దాల కొట్టులోకి ఉడత ఎలా వచ్చింది?"

"అది... అది పిట్ట చెప్పిందండీ."

"పిల్ల చెప్పడమేంటి?"

"కట్లు అదే కడుతుంది మేడం. చిన్న చేతులు కదా, చక్కగా కడుతుంది. మొదటిసారి చూసినప్పుడు దానికి ఆరేళ్ళు. ఒకటే ఏడుపు. ఏడుపు మాన్పించడానికి నేనే అన్నాను, 'దీన్ని దెబ్బల పుస్తకంలో ఏమని రాద్దాం చెప్పు' అని. అది కళ్ళు తుడుచుకుని, 'ఉడత దూకిందని రాయి' అంది. అప్పట్నుంచి అదొక ఆటయిపోయింది. కట్టు కట్టి, ముడి వేసి, 'నాన్నా, ఇవాళ ఏమని రాద్దాం?' అంటుంది. అదొకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను. బాగున్నది రాస్తాం."

"నాలుగేళ్ళుగానా?"

"నవ్వుతుందండీ, అప్పుడు. ఆ నవ్వు కోసమే."

"పలకల బండీ, నిచ్చెనా, అన్నీ ఆ పిల్లవేనా?"

"నిచ్చెన దానిదే. ఈ మధ్య బాగా నమ్మేలా చెబుతోందండీ. 'ఉడతలూ అవీ ఒద్దు నాన్నా, తనిఖీ వాళ్ళు పట్టేస్తారు' అంటుంది."

"నాకు నవ్వు రావట్లేదు నాయనా."

"మళ్ళీ ఫోనండీ. కొట్టే. ఉండనివ్వండి."

"ఉండు ఉండు. ఈ తేదీ చూడు. మీకు కొట్టు సెలవెప్పుడు?"

"ఆదివారమండీ."

"ఇది ఆదివారం. ఇదీ ఆదివారమే. ఇదిగో, ఇక్కడ ఒకే వారంలో మూడున్నాయి. అప్పుడు కొట్టు తెరిచే ఉందా?"

"ఆ వారం... మిషన్లు మార్చారండీ. తాళం వేశాం."

"తాళం వేసిన కొట్టులో పలకెలా జారింది? అన్నీ అబద్ధాలు రాసినవాడివి, తేదీ కూడా ఒకరోజు అటూ ఇటూ జరపలేకపోయావా?"

"చెయ్యి రాలేదండీ. ఎలా తగిలిందన్నది నోటిమాట, ఏదైనా అనుకోవచ్చు. తేదీ అంటే కొలత. మా పనిలో కొలత తప్పు రాస్తే ఆ పలక ఎందుకూ పనికిరాదు. ఎవరి తప్పైనా క్షమిస్తాను గానీ కొలత తప్పు రాసినవాణ్ణి నేనే పంపించేస్తాను."

"నీ చాదస్తం చల్లగుండ! పదకొండు సెలవు రోజులున్నాయి ఇందులో. అవతలివాడు ఎంత గొంతు చించుకున్నా ఈ పదకొండూ ఇంట్లో తగిలినవే. ఇది చాలు నాకు. ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?"

"ఒక కాగితమండీ. పిట్టని తీసుకుని మా అక్క ఇంటికి వెళ్తాను. పిల్లని ఎత్తుకుపోయానని కేసు పెట్టకూడదు. అంతే. ఆవిడ మీద ఏమీ ఒద్దు. ఉద్యోగం పోకూడదు. ఆవిడ చెడ్డది కాదండీ. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఆవిడ తిన్న దెబ్బలు వేరు. పెళ్ళయిన కొత్తలో నిద్దట్లో కూడా చెయ్యి అడ్డం పెట్టుకునేది."

"ఎన్నేళ్ళుగా ఇది?"

"ఎనిమిదేళ్ళు."

"ఎనిమిదేళ్ళు ఓర్చినవాడివి, ఇవాళే ఎందుకొచ్చావు?"

"మొన్న ఆదివారం పిట్ట మధ్యలోకొచ్చింది."

"మధ్యలోకంటే?"

"నాకూ ఆవిడకీ మధ్యలోకి. రెండు చేతులూ చాపుకుని నిలబడింది. అప్పటికే ఫ్లాస్కు ఆవిడ చేతిలోంచి వచ్చేసింది. పిట్ట జుట్టుని రాసుకుంటూ పోయిందండీ. తగల్లేదు. జుట్టు కదిలింది, అంతే."

"ఆవిడేం చేసింది?"

"ఎప్పుడూ చేసేదే. తలనొప్పి అని వెళ్ళి పడుకుంది. అయిపోయాక ఎప్పుడైనా అంతేనండీ, తలనొప్పి అంటుంది. అరగంట, గంట పడుకుంటుంది. లేచి ఏం జరగనట్టే పిట్టకి లెక్కలు చెబుతుంది. తలనొప్పి అన్న మాట వినపడితే మేమిద్దరం ఊపిరి పీల్చుకుంటాం, ఇవాళ్టికి అయిపోయిందని."

"పిల్ల మీద ఎప్పుడూ..."

"లేదండీ! పిట్ట మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా. అది మాత్రం రాసుకోండి."

"నువ్వు ఇంట్లో లేనప్పుడు ఆవిడకి ఎన్నిసార్లు కోపం వచ్చింది?"

"నేను లేనప్పుడా? నేను లేకుండా ఉండనండీ. వాళ్ళు బడి నుంచి వచ్చేలోపు నేను ఇంట్లో ఉంటాను. ఆదివారం గడప దాటను. మా మేనల్లుడి పెళ్ళికి కూడా వెళ్ళలేదు."

"అంటే, తెలీదన్నమాట. కొట్టదని కాదు. కొడుతుందో లేదో నీకు తెలీదు, అంతే. నువ్వు అడ్డం ఉన్నావు కాబట్టి. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. పిల్ల ఉన్న ఇంట్లో దెబ్బలు జరుగుతున్నాయి, పిల్లని తండ్రి దగ్గర ఉంచమని రేపు పొద్దున్నే కోర్టుని అడుగుతాను. తండ్రి అడిగినా వింటారు. ఒకప్పుడు వినేవాళ్ళు కాదు, పోట్లాడి పోట్లాడి వినేలా చేశాం."

"ఇందులో ఏం రాశారండీ? 'భార్య కొట్టడం వల్ల...' అయ్యో, ఒద్దు మేడం. కొట్టింది అన్న మాట ఒద్దు."

"మరి ఏమని రాయను?"

"మనస్పర్థలని రాయండి. ఇద్దరికీ పడట్లేదని రాయండి."

"ఉడత దూకిందని రాయనా?"

"మేడం..."

"నాలుగేళ్ళు ఆ పిల్లా నువ్వూ కలిసి రాసింది చాలక, ఇప్పుడు నా చేత కూడా రాయిస్తావా? కోర్టులో చదువుతారు నాయనా దీన్ని. మనస్పర్థలంటే సర్దుకుపొమ్మని ఇద్దర్నీ కలిపి ఇంటికి పంపిస్తారు. అప్పుడు ఆవిడకి తెలుస్తుంది నువ్వు ఇక్కడిదాకా వచ్చావని. ఆ తర్వాత?"

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకని నా భయమండీ."

"గోటితో పోయే రోజులు ఎప్పుడో పోయాయి. గొడ్డలి నా చేతిలో ఉందనుకుంటున్నావు. అది నీ ఇంట్లోనే ఉంది, బీరువా మీద, గోడకి ఆనించి."

"సోమవారం పెడతాను సంతకం. పిట్టకి పరీక్షలు అయిపోతాయి. అప్పుడైతే..."

"సోమవారానికి ముందు ఆదివారం వస్తుంది. ఆ ఫోను చూడు ముందు. బల్ల మీద నుంచి కింద పడేలా ఉంది."

"కొట్టు వాళ్ళు మెసేజ్ పెట్టారండీ. ఉండండి... 'మేస్త్రీ, ఎన్నిసార్లు చేసినా తియ్యవేం. టీచరక్క ఫోన్ చేసింది. బళ్ళో నీళ్ళ ట్యాంకు పగిలి మధ్యాహ్నమే వదిలేశారట. నువ్వెక్కడున్నావని అడిగింది. ఇంటి కాగితాల పని మీద వెళ్ళావని చెప్పాం.'"

"అంటే, ఇద్దరూ ఇప్పుడు ఇంట్లో ఉన్నారా?"

"ఇంటి కాగితాలని చెప్పారండీ. ఇంటి కాగితాలని చెప్పేశారు."

"నువ్వు చెప్పమన్నదే చెప్పారు. దానికెందుకు అలా అయిపోతున్నావు?"

"మాది అద్దె ఇల్లు మేడం. అద్దె ఇంటికి కాగితాలేంటి? కొట్టు వాళ్ళకి అంత ఆలోచన రాదు. ఆవిడకి వస్తుంది. నేనెందుకు ఆలోచించలేదు? కింద బోర్డు చూసి, అదే నోటికొచ్చింది, అదే చెప్పేశాను..."

"నువ్వు ఇక్కడికొచ్చావని ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదండీ."

"ఎవరికీ?"

"పిట్టకి తప్ప."

"పిల్లకి చెప్పావా!"

"దానికి చెప్పకుండా నేనేదీ చెయ్యను మేడం. పొద్దున జడ వేస్తూ చెప్పాను. మన కోసం ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను, ఎవరు అడిగినా చెప్పొద్దు అని. ఒట్టు పెట్టింది."

"అదిగో, మోగుతోంది."

"మా ఆవిడండీ."

"ఎత్తు."

"ఎత్తి ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. దారిలో ఉన్నానని చెప్పు. ఎత్తు నాయనా."

"ఎత్తలేనండీ. నా గొంతు వింటే తెలిసిపోతుంది ఆవిడకి. ఎప్పుడూ తెలిసిపోతుంది."

"అయితే నాకివ్వు."

"ఒద్దొద్దు! ఆడగొంతు వినిపిస్తే ఇంకేమైనా ఉందా!"

"మళ్ళీ మోగుతోంది. ఎన్నోది ఇది?"

"ఆరు. ఏడు... ఆగిపోయింది."

"హమ్మయ్య. కాస్త నీళ్ళు తాగి, అప్పుడు..."

"ఆగితే హమ్మయ్య కాదండీ. మోగుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఫోను మీద ఉంటుంది. నేను చేస్తాను. చేస్తున్నాను... తియ్యట్లేదు. మోగుతోంది, తియ్యట్లేదండీ. నేను వెళ్తాను."

"వెళ్దువుగాని. నేనూ వస్తాను నీతో. మాకు తెలిసిన పోలీసావిడ ఉంది, నీకు టీ ఇచ్చిన బాపతు కాదు, ఆవిణ్ణి కూడా పిలుస్తాను. కానీ కాగితం మీద సంతకం లేకుండా ఆ ఇంటి గడప తొక్కే హక్కు మా ఇద్దరికీ లేదు. పెట్టు."

"ఆ ఒక్క మాటా..."

"ఆ ఒక్క మాటా తియ్యను."

"మీకు అర్థం కావట్లేదు మేడం. ఆ మాట కాగితం మీద పడితే ఇంక అది మా ఇల్లు కాదు. పిట్ట పెద్దయ్యాక చదువుతుంది, వాళ్ళమ్మ గురించి. అదేమనుకుంటుంది?"

"కట్టు కట్టే పిల్లకి కొత్తగా తెలిసేదేముంది నాయనా?"

"ఆలోచించుకోనివ్వండి మేడం."

"ఆ ఫోను ఆగాక, ఈ ఒక్క మాట దగ్గరే అరగంటైపోయింది. ఇంకా ఆలోచిస్తావా?"

"మళ్ళీ వస్తోంది. ఆవిడ నంబరే."

"స్పీకరు పెట్టు. నేను నోరు మెదపను. ఊఁ, పెట్టు."

"హలో... హలో?"

"నాన్నా?"

"పిట్టా! నువ్వా? అమ్మేదే?"

"మెల్లగా మాట్లాడు నాన్నా. అమ్మ పడుకుంది. తలనొప్పట."

"..."

"నాన్నా, ఉన్నావా?"

"నాయనా, ఏమైంది? పిల్ల మాట్లాడుతోందిగా, మొహం అలా అయిపోయిందేం?"

"తలనొప్పి అంటోందండీ. తలనొప్పి అంటోంది మేడం."

"నాన్నా, ఎవరక్కడ? లాయరమ్మగారేనా?"

"అవునమ్మా. నేనే. నీ పక్కన గది ఏదైనా ఉంటే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటావా తల్లీ?"

"పెట్టుకునే మాట్లాడుతున్నానండీ. నాన్నా, నేను చెప్పలేదు. అమ్మ చాలాసార్లు అడిగింది, నాన్నెక్కడున్నాడు, ఏం కాగితాలు అని. ఒక్కసారి కూడా చెప్పలేదు నాన్నా."

"ఎందుకు చెప్పలేదే... చెప్పెయ్యాల్సింది కదమ్మా... చెప్పేస్తే పోయేది కదే..."

"ఒట్టు పెట్టానుగా. నువ్వు ఏడవకు. కట్టు కూడా కట్టేసుకున్నాను. ఒంటిచేత్తో రాదు నాన్నా, ముడి పళ్ళతో వేశాను."

"ఏ చెయ్యమ్మా?"

"ఎడమదండీ. మోచెయ్యి."

"నాయనా, ఇదిగో పెన్ను."

"నాన్నా, దెబ్బల పుస్తకం నీ దగ్గరే ఉంది కదా? అందులో నా పేరు రాయొచ్చా? కొట్టులో పనిచేసేవాళ్ళవేనా?"

"పిట్టా, వస్తున్నానమ్మా. ఇప్పుడే వస్తున్నాను. గది తలుపు తియ్యకు."

"తియ్యను. సోమవారం పరీక్షకి వెళ్తే టీచర్లు అడుగుతారు నాన్నా, అందుకని. మెట్ల మీంచి పడ్డానని చెప్పనా?"

"మనింటికి మెట్లు లేవు కదమ్మా."

"అవును కదా. నాకు ఇంకేమీ తోచట్లేదు, నువ్వే చెప్పు. నాన్నా, ఇవాళ ఏమని రాద్దాం?"